శిక్షకునకు గడువెంత?

గనిని తెఱచినవారు తొలినాఁడే బొగ్గును కోరరు. మన గోదావరిఖని, రామగుండము ప్రాంతములందలి ఓపెన్‌కాస్టు గనులలో ముందుగా పైనున్న మట్టిని, బండను తొలఁగింపవలెను. ఆ పని సాగుచుండఁగా బొగ్గేదియని త్రవ్వువానిని నిందించువారు లేరు. కాని కళాశాల జట్టు ఒక్క పోటీలో నోడెనేని, శిక్షకుని మార్పవలెనను మాట మఱునాఁడే పుట్టును.

ఒక కళాశాలలో నిట్లే జరిగెను. మా యొద్ద చదివి వెళ్లిన పిల్లలు కొందఱు ఆ ఫుట్‌బాల్ జట్టులో నుండిరి. క్రొత్త శిక్షకుఁడు బంతిని ఒకరికొకరు అందించుకొని యాడు పద్ధతిని వారికి నేర్పుచుండెను. ఏఁడు తిరుగకమున్నే ఆయనను పంపివేసిరి. తరువాత వచ్చినవారు మరల ఓనమాలతో నారంభించిరి. నష్టపోయినది పిల్లలే.

హైదరాబాదు వాసియైన సయ్యద్ అబ్దుల్ రహీము చరిత్రము ఇచ్చట స్మరణీయము. మొదట ఆయనయు బడిపంతులే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలయందు ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణపతకమును గెలిచెను. మరుసటి యేఁటనే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా మనపై 10 గోలులు చేసెను; మనము చేసినది 1. ఆ నాఁడు మనవారిలో పలువురు వట్టికాళ్లతో నాడిరి. అంతటి పరాభవముతో ఆయన పని ముగిసినదని పెద్దలు తలఁచియుండినచో, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునందు నాలుగవ స్థానమును, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1 గెలుపుతో వచ్చిన స్వర్ణపతకమును ఆయన చేతిమీఁదుగా మనకు దక్కెడివా? 1963లో ఆయన దివంగతుఁడయ్యెను.

సువార్తలోని అంజూరపు చెట్టు ఉపమానమును మీ రెఱుఁగుదురు. మూఁడేండ్లుగా కాయని చెట్టును నఱికివేయుమని యజమానుఁడనెను. తోఁటమాలి మఱియొక్క యేఁడు గడువడిగెను. ఊరక యడుగలేదు; చుట్టును త్రవ్వి యెరువు వేయుదునని మాట యిచ్చెను.

డిగ్రీ చదువు సాధారణముగా మూఁడేండ్లు. మొదటి యేఁట చేరిన బాలబాలికలు చివరి యేఁటికి వచ్చువఱకైనను శిక్షకునకు గడువీయవలెనని నా యభిప్రాయము. అయితే ఏఁటేఁట లెక్క యడుగవలెను. పిల్లలు ప్రాతఃకాలమున మైదానమునకు వచ్చుచున్నారా? నిరుటికంటె ఆట మెఱుగైనదా? వెనుకఁబడినవానికిని ఆడుటకు వంతు దొరకుచున్నదా? పిల్లలను కొట్టువానికిని, అవమానించువానికిని మాత్రము ఒక్క దినమైనను గడువక్కఱలేదు.

తల్లిదండ్రులారా, జట్టు ఓడిన సాయంకాలమున, ఈ యేఁడు ఏమి నేర్చుకొంటివని మీ బిడ్డ నడుగుఁడు. బిడ్డ సంతోషముతో బదులు చెప్పఁగలిగెనేని, ఆ శిక్షకుఁడు త్రవ్వుచునే యున్నాఁడని తెలిసికొనుఁడు.