క్రాస్ కటింగ్

లెగో ముక్కలతో రైట్ సోదరుల విమానం కడితే రెక్కలకి బట్ట ఉండదు. చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ 1903 నాటి ఆ విమానంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ బట్టే. కర్ర చట్రానికి తొడిగిన మామూలు మస్లిన్ నూలుగుడ్డ. దాన్ని నిలువు పోగు వెంట కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా పరిచారు. అట్లా పరిస్తే పోగులే మూల నుంచి మూలకి కట్టిన తాళ్లలా చట్రాన్ని పట్టి ఉంచుతాయి. బరువు పెరగకుండానే బిగువు వస్తుంది.

డోర్నకల్లో మా అన్నయ్య వాళ్లింట్లో, 11 ఏళ్ల మేనకోడలికి నేనీ సంగతి చెబుతుంటే వదిన మిషన్ మీద నుంచి తలెత్తింది. "ఇది మన క్రాస్ జాకెట్టు గదనే" అంది. నిలువుగా కత్తిరిస్తే ఒంటికి పట్టదు, క్రాస్‌లో కత్తిరిస్తే సాగి కూర్చుంటది అని కత్తెరతో గాల్లో గీసి చూపించింది. బట్ట గుణం ఒక్కటే. ఆమెకి అది సాగాలి, వాళ్లకి సాగకూడదు. నేను పుస్తకంలో రెండు పేజీలు చదివి అర్థం చేసుకున్నది వదిన ఇరవై ఏళ్లుగా చేతివేళ్లతో చేస్తోంది. వాడకట్టు ఆడవాళ్లందరి జాకెట్లూ ఆమె కుట్టినవే. అయినా మా ఇంట్లో ఆ పని పేరు "ఖాళీగా కూసోకుండా ఏదో కుడ్తది".

రైట్ సోదరులూ కుట్టారు. 1902లో గ్లైడర్ రెక్కల కోసం విల్బర్ గంటల తరబడి కుట్టుమిషన్ తిప్పుతున్నాడనీ, ఆర్విల్ నేల మీద చతికిలబడి గుర్తులు పెడుతున్నాడనీ వాళ్ల చెల్లెలు కేథరిన్ తండ్రికి ఉత్తరం రాసింది. మగవాళ్లు కుడితే అది ఆవిష్కరణలో భాగమై చరిత్రకెక్కింది.

మా నమూనాకి ఆధారం 1903 డిసెంబర్ 17 నాటి ఫొటో. 12 సెకన్లు, 120 అడుగులు. బోర్లా పడుకుని నడుపుతున్న ఆర్విల్, పక్కన విల్బర్. రెండు బొమ్మలు పెట్టేశాక పిల్ల అడిగింది: "అత్తా, వాళ్లింట్ల ఇంకెవ్వరు లేరా?"

కేథరిన్ 1898లో ఓబర్లిన్ కాలేజీలో పట్టా తీసుకుంది. డేటన్ హైస్కూల్లో లాటిన్ చెప్పేది. 1908 సెప్టెంబర్‌లో ఫోర్ట్ మైయర్లో విమానం కూలి ఆర్విల్ గాయపడ్డప్పుడు సెలవు పెట్టి సేవ చేయడానికి వెళ్లింది. మళ్లీ ఆ క్లాసుకి తిరిగి రాలేదు. 1909లో ఫ్రాన్స్‌లో విల్బర్ పక్కన కూర్చుని ఎగిరింది. 52 ఏళ్లకి, 1926లో, తనకి నచ్చిన మనిషిని పెళ్లి చేసుకుంటే ఆర్విల్ మాట్లాడడం మానేశాడు. 1929లో ఆమె చావుబతుకుల్లో ఉన్నప్పుడే చూడడానికి వచ్చాడు. అన్నదమ్ముల ప్రేమ గురించి మనకి కొత్తగా చెప్పేదేముంది!

విమానం లెక్కలు ఆమే కట్టిందని, ప్రయోగాలకి డబ్బు ఆమె జీతంలోంచే వచ్చిందని కొందరు రాస్తుంటారు. ఆధారం లేదు. డబ్బు సైకిల్ కొట్టుది. చేయని పని ఆమెకి అంటగడితే, చేసిన పనికి విలువ లేదని మనమే ఒప్పుకున్నట్టు. అందుకే మేనకోడలు ఆమె బొమ్మని రెక్క మీద నిలబెడతానంటే వద్దన్నాను. అలిగింది. తర్వాత తనే కాగితమ్మీద విడిగా ఒక ఇల్లు గీసి, గుమ్మంలో కేథరిన్ని పెట్టి, చేతికో ఉత్తరం అంటించింది. ఫొటోలో పట్టనిది అక్కడ పట్టింది.

తర్వాతి విమానం మన బేగంపేటది కావాలన్నాను. చాలా కంపెనీలు ఆడమనిషని కాదన్నాక, ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగమిచ్చింది హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేసే. 1949లో జాతీయ వైమానిక పందెం గెలిచిన మనిషి ఆమె. కావలసినన్ని గంటలు ఎగిరినా ఆమెకి కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు.

డకోటా ముక్కు భాగం కట్టడం మొదలుపెట్టాం. రెండు సీట్లూ పక్కపక్కనే రావాలి. మా దగ్గర అంత వెడల్పు పలక లేదు. వదిన గుండీల డబ్బా తెచ్చి మా ముందు కుమ్మరించి, మళ్లీ మిషన్ దగ్గరికి పోయింది.