తలుపు సందు

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక రేకుల షెడ్డులో, వైశాఖమాసపు ఎండ ముదరకముందే, వృద్ధుడైన మేస్త్రి ఒకడు తెల్లని అంబాసిడర్ కారు ఎదుట గొంతుక్కూర్చుని చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. దానిమీద చేయి వేయలేదు. పనిముట్ల పెట్టె తెరవలేదు. కారు యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఆయనకు ఆ మౌనం భరించరానిదిగా ఉంది. ఇరవై రోజులలో చిన్నకూతురి వివాహం. పెళ్లికూతురు తాతగారి కారులోనే మండపానికి వెళ్లాలని ఇంటిల్లిపాది కోరిక. తలుపు సరిచేసి, పైన ఒక పూత రంగు వేయించుకుపోదామని ఆయన వచ్చాడు.

ఆ కారు 1970 నాటిది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారం చేసుకొని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 వరకు తయారైన వాహనమది. మాస్టారి తండ్రి పల్లెటూరి వైద్యుడు. కాన్పు కష్టమైన స్త్రీలను అర్ధరాత్రివేళ ఆ కారు వెనుక సీటులో పడుకోబెట్టి పట్టణానికి చేర్చేవాడు. వారిలో ఇద్దరు దారిలోనే, ఆ సీటులోనే ప్రసవించారట. కారును అమ్మమని ఎందరు అడిగినా మాస్టారు అంగీకరించకపోవడానికి ఇంతకంటె వేరే కారణం అక్కరలేదు.

అయితే గత సంక్రాంతికి ఊరు వెళ్తుండగా, కాలువగట్టు మలుపులో ఎడమవైపు వెనుక తలుపు తనంతట తానే తెరుచుకుంది. దానికి ఆనుకొని కూర్చున్న మనుమడిని తల్లి చొక్కా పట్టుకొని లోపలికి లాగింది. నాటినుంచి మాస్టారు ఆ తలుపును లోపలి పిడికి తువాలుతో కట్టి నడుపుతున్నాడు. అంతకు ముందు ఏడాదే వేరొక షెడ్డులో ఆ తలుపుకు మరమ్మతు జరిగింది. తలుపు అంచున లప్పం దట్టించి, సందు సమంగా కనిపించేలా గీసి, రంగు వేసి పంపారు.

‘సంధి’ అనే సంస్కృత పదానికి ‘సంది’ వికృతి అని విద్యార్థులకు తెలిసినదే. వాడుకలో అది సందు అయింది. కలయిక అనే అర్థంగల మాటే రెండింటి నడుమ మిగిలిన ఎడానికి పేరు కావడం విచిత్రం. కారు విషయంలో రెండర్థాలూ చెల్లుతాయి. తలుపుకూ చట్రానికీ నడుమ కొంత ఎడం ఉండితీరాలి. లేకుంటే గతుకులలో ఇనుము ఇనుమును ఒరుసుకొని రంగు లేచిపోతుంది. ఎడం ఎక్కువైతే వాన, దుమ్ము, గాలిహోరు లోపలికి వస్తాయి. మేస్త్రి కొలత 5 మిల్లీమీటర్లు. అందుకు అతడు అదే మందంగల డ్రిల్లుబిట్టును సందులో పైనుంచి కిందికి జార్చి చూస్తాడు. నిజానికి ఈ కార్ల సందులు కర్మాగారం నుంచి వచ్చిననాడే అంత సమంగా ఉండేవి కావు. ఒక బండి తలుపు మరొక బండికి పెట్టితే కుదరకపోవడం ఈ వృత్తిలోనివారికి అనుభవమే.

ఆ తెల్లకారు వెనుక తలుపు పైసందులో పోస్టుకార్డు దూరలేదు. కిందిసందులో చిటికెనవేలు దూరింది. మేస్త్రి తలుపును సగం తెరిచి, కొసను రెండు చేతులతో పైకెత్తి చూశాడు. కీలులోని శీల అరిగి ఉంటే తలుపు పైకీ కిందికీ ఆడుతుంది. కాస్త ఆడింది గాని, అంత సందు రావడానికి ఆ అరుగుదల చాలదు. తరువాత కారు ఎడమవైపు అడుగున, గట్టిగా ఉన్నచోటు వెతికి, చెక్కపలక అడ్డుపెట్టి, జాకీతో మెల్లగా ఎత్తాడు. పోస్టుకార్డు దూరని సందు కళ్ల ముందే విచ్చుకొంది. కిందిది మూసుకొంది. తలుపు చక్కగా కుదురుకొంది.

“సరిపోయింది కదయ్యా!” అన్నాడు మాస్టారు సంతోషంగా.

“తలుపు కదలలేదు మాస్టారూ. బండే వంగిపోయింది. జాకీ దింపితే మళ్లీ మామూలే” అన్నాడు మేస్త్రి.

లారీకి అడుగున వేరే ఛాసిస్ ఉంటుంది. పైకట్టడం దానిమీద కూర్చుంటుంది. అంబాసిడర్‌కు అటువంటిది లేదు. ఒంటి రేకే బరువంతా మోస్తుంది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా పెట్టెలా మడిచిన రేకు ఇంటికి దూలంవంటిది. అది పుచ్చితే కారు నడుమ కుంగుతుంది. కుంగినప్పుడు తలుపుల పైసందులు బిగుసుకుంటాయి, కిందివి తెరుచుకుంటాయి. అప్పుడు గడియ తన కొక్కేన్ని సగమే అందుకుంటుంది. కాలువగట్టు మీద జరిగినది అదే.

మేస్త్రి స్క్రూడ్రైవరు మొనతో కింది అంచున గీరాడు. లప్పం పెళ్లలుగా ఊడింది. దాని వెనుక రేకు లేదు, గోధుమరంగు పొడి ఉంది. అద్దం పక్కగా తలుపులోకి దిగిన వాననీరు పోవడానికి తలుపు అడుగున రంధ్రాలుంటాయి. అవి బురదతోనూ, ఏళ్ల తరబడి వేసిన రంగుతోనూ పూడిపోయాయి. లోపల నిలిచిన నీరు తలుపు అడుగును తిని, దూలం మీదికి కారి దానినీ తిన్నది. లప్పం చెడ్డ వస్తువేమీ కాదు. రంగుకు ముందు పలుచగా రాయని టింకరు ఉండడు. రేకు లేనిచోట రేకులా నిలబెట్టినప్పుడే అది మోసమవుతుంది.

“రంగు వేయమంటే రేపే వేస్తాను. పెళ్లినాటికి మెరుస్తుంది. అమ్మాయిని మాత్రం ఆ తలుపు పక్కన కూర్చోబెట్టకండి” అన్నాడు మేస్త్రి.

మాస్టారు రెండురోజులు ఆలోచించాడు. మూడవనాడు కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. మేస్త్రి ఏమీ వర్ణించలేదు. స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చి, దూలం మీద ఒకచోట నొక్కమన్నాడు. అది పిడివరకు దిగిపోయింది. ఆమె కొంతసేపు నిలబడి, “నాన్నా, అద్దెకారు మాట్లాడండి” అని మాత్రం అన్నది. తాతగారి కారు లేకుండానే ఆమె వివాహం జరిగింది.

పని ఆరువారాలు పట్టింది. మొదట కారును నాలుగు దిమ్మెలమీద మట్టంగా నిలిపారు. తలుపులు విప్పి, వాటి ఖాళీలలో అడ్డంగా ఇనుపగొట్టాలు వెల్డింగు చేశారు. అలా ఆధారమివ్వకుండా పుచ్చిన దూలాన్ని కోస్తే ఒళ్లంతా మెలితిరిగి, ఆపైన ఏ తలుపూ కుదరదు. కోత కూడా కొద్దికొద్దిగానే. జానెడు కోసి, కొత్తరేకు వంచి అమర్చి, అక్కడక్కడ చుక్కలుగా అతికి, తలుపు తగిలించి సందు చూసి, మళ్లీ విప్పి, అప్పుడు పూర్తిగా అతకడం. ఒకే తలుపును రోజుకు పదిసార్లు ఎక్కించి దించే మేస్త్రిని చూసి షెడ్డులోని కుర్రవాళ్లు నవ్వుకున్నారు.

తలుపుల అమరిక వెనుకనుంచి మొదలైంది. వెనుక చక్రం మీది రేకు ఒంటికి అతుక్కొని ఉన్నది, జరగదు. కనుక వెనుక తలుపు దానికి లొంగాలి, ముందు తలుపు వెనుకదానికి లొంగాలి, బోల్టులతో బిగించిన ముందు మడ్‌గార్డు చివరగా సర్దుకోవాలి. కొక్కేన్ని ముందే విప్పేశాడు. అది ఉంటే మూసేటప్పుడు తలుపును పైకెత్తి తప్పును కప్పిపుచ్చుతుంది. కీళ్లకు కొత్త శీలలు వేశాడు. కీలు ఉన్నచోటును సూదితో గీసి గుర్తుపెట్టి, ఒకసారికి ఒక కీలునే వదులుచేశాడు. కొస ఇంకా కొంచెం వాలినట్లుంటే కింది కీలు వెనుక పలుచని రేకుముక్క పెట్టాడు. తలుపు అడుగు వెనుకకు జరిగి, కొస పైకి లేచింది. చివర కొత్త రబ్బరు అతికి, తలుపు చుట్టూ చోటుచోటున వార్తాపత్రిక ముక్క పెట్టి మూసి లాగి చూశాడు. ఒకచోట కాగితం సులువుగా వచ్చేసింది. ఆ ఒక్కచోటికోసం మరొక పూట పోయింది.

ఆషాఢంలో కూతురు పుట్టింటికి వచ్చింది. మాస్టారు స్టేషనుకు కారు తెచ్చాడు. రంగు ఇంకా వేయలేదు. ఎడమవైపంతా బూడిదరంగు ప్రైమరే. ఆమె వెనుక సీటులో కూర్చుని తలుపు లాగుకొంది. అది ఒకే చప్పుడుతో పడింది. మాస్టారు అలవాటు చొప్పున భుజంమీది తువాలు తీసి అటువైపు వెళ్లాడు. పిడిని చేత్తో పట్టి ఒకసారి ఊపి చూశాడు. తువాలు మళ్లీ భుజాన వేసుకొని ముందు సీటులోకి వచ్చాడు.