మూగ వంటవాడి జబాన్

‘చాచీ 420’ అనగానే అందరికీ చీర కట్టిన కమల్ హాసన్ యాదికొస్తాడు. నాకు మాత్రం వంటింట్లో నాజర్.

హాలీవుడ్ ‘మిసెస్ డౌట్‌ఫైర్’ స్ఫూర్తితో 1996లో తమిళంలో ‘అవ్వై షణ్ముగి’ వచ్చింది. మనకు ‘భామనే సత్యభామనే’గా డబ్ అయింది. 1997లో కమలే దాన్ని హిందీలో తీశాడు. క్రేజీ మోహన్ మాటల జాగాలో గుల్జార్ సాబ్ కలం. మీనాకు బదులు మన హైదరాబాదీ టబు. మేకప్ జోసెఫ్‌గా నాగేష్ జాగాలో జానీవాకర్, అంటే మన బద్రుద్దీన్ కాజీ. ఇంతమంది మారినా వంటవాడు మాత్రం మారలేదు. రెండింటిలోనూ నాజరే.

ఆ వంటవాడు ముసల్మాన్. నౌకరీ కోసం బ్రాహ్మణుడి వేషం వేస్తాడు. నోరు తెరిస్తే గుట్టు బయటపడుతుందని మూగవాడిలా ఉంటాడు. హాల్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అమ్మీ కూడా పడీపడీ నవ్వి, చివరికి “బేచారా, రోటీ కోసం జబాన్ కట్టేసుకున్నాడు” అంది.

నా తకలీఫ్ ఉల్టా. ఉర్దూ మీడియంలో చదివినా డిగ్రీ తెలుగులో చేశాను. కిరాయి ఇల్లు అడిగినప్పుడు నా తెలుగు విని ఓనర్లు ఖుషీ అవుతారు, చాయ్ ఇస్తారు. పేరు అడిగాక “మా తమ్ముడికి ఇస్తామని మాటిచ్చాం” అంటారు. వాడిని జబాన్ పట్టిస్తుంది, నన్ను నామ్.

ఈ సినిమా పిల్లలతో కలిసి చూడండి, దిల్ ఖోల్‌కే నవ్వండి. “వాడెందుకు మాట్లాడడు?” అని వాళ్లడిగితే మాత్రం మాట దాటేయకండి.