అండమాన్ దీవులకు వెళ్ళదలచిన వారికి

పంట చేతికొచ్చిందనో, కొడుకు ఉద్యోగంలో చేరాడనో మన పల్లెల వారు కూడా ఇప్పుడు అండమాన్ ప్రయాణం తలపెడుతున్నారు. మంచిదే. ఒకప్పుడు "కాలాపానీ" అంటేనే తల్లులు గుండెలు బాదుకునేవారు. ఈనాడు ఆ దీవుల్లో, 2011 జనాభా లెక్కల ప్రకారం, నూటికి 13 మంది తెలుగువారే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అనేకం. గనుక భాష రాదన్న బెంగ అక్కరలేదు.

పేర్ల విషయం ముందుగా తెలుసుకోండి. రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ను 2024లో శ్రీ విజయపురం అన్నారు. 2018లో హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ మార్చారు. టిక్కెట్టు మీద ఒక పేరు, పడవవాడి నోట ఇంకొక పేరు ఉంటే కంగారుపడవద్దు. విశాఖ నుంచి సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు; ఓడలో సుమారు మూడు రోజులు. కడుపులో తిప్పే స్వభావం గలవారు విమానం ఎక్కడమే మేలు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు అనుకూలమైన కాలం. గడియారం మనదే గాని దీవులు బాగా తూర్పున ఉన్నందున డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది. పెందలాడే లేవనివారికి సగం రోజు పోయినట్టే.

సెల్యులార్ జైలు అందరూ చూసేదే. 1906లో పూర్తయిన ఏడు వరుసల్లో మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లు దొరను బ్రిటిషువారు అండమాన్‌కే పంపారు. ఆయనే 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. మన పిల్లలకు ఆ సంగతి అక్కడ నిలబెట్టి చెప్పండి. ఎదురుగా ఉన్న రాస్ దీవిలో దొరల బంగళాలను, రాతితో కట్టిన గుడిని మర్రిజాతి చెట్ల వేళ్ళు చుట్టుకొని ఉన్నాయి. ఇప్పుడు ఆ గుడి చుట్టూ తిరిగేది జింకలు.

అందరూ హేవ్‌లాక్‌లోని రాధానగర్ ఇసుక తీరం గురించి చెబుతారు. అది అందమైనదే. కానీ ఒక్కరోజే ఉంటే నేను వండూరు నుంచి జాలీ బాయ్‌కు వెళ్ళమంటాను. 1983లో ఏర్పడిన సముద్ర జాతీయ వనంలో అదొక చిన్న దీవి. అక్కడికి ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు. అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుంటే కింద పగడాలు కనిపిస్తాయి. చాలామంది పగడమంటే రాయి అనుకుంటారు. అది ప్రాణి. గోరంతైనా లేని జీవులు వేలకు వేలు కలిసి సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో ఉండే నాచు ఎండను పట్టి వాటికి ఆహారం పెడుతుంది. నీరు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి, అలాగే కొన్ని వారాలుంటే ఆ నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబడుతుంది, ఎక్కువ రోజులైతే చస్తుంది. 1998లో, 2010లో, 2016లో అండమాన్‌లో అలాగే జరిగింది. నిలబడడానికి ఆసరా దొరికిందని కాలు మోపితే ఎన్నో ఏళ్ళ పెరుగుదల విరిగిపోతుంది. ఇంటికి ముక్క తేవడం నేరం కూడా.

ఊరి నుంచి వండూరు దారిలో సిప్పీఘాట్ వస్తుంది. బండి ఆపించండి. 2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చినప్పుడు ఈ ప్రాంతం ఇంచుమించు ఒక మీటరు కుంగింది. అల వెనక్కి పోయినా ఉప్పునీరు వరి పొలాలను వదలలేదు. పొలం గట్టు మీద పెరిగిన మనకు ఆ నీటి మడుగు చూస్తే ఏ గైడూ అక్కరలేదు. అదే రోజు ఉత్తర అండమాన్ పైకి లేచింది; అక్కడి పగడాలు గాలికి బయటపడి ఎండకు చచ్చాయి. ఒకే దీవుల వరుస, ఒక కొన మునిగింది, ఒక కొన తేలింది.

ఇక బారటాంగ్. సున్నపురాతి గుహలు, వాటికి తీసుకెళ్ళే మడ అడవి కాలువ బాగుంటాయి. కోరింగ చూసినవారికి ఆ చెట్లు పరిచయమే. బురద అగ్నిపర్వతం మాత్రం పేరు విని వెళ్ళేంతది కాదు, బుడగలు వచ్చే బురద గుంట. చిక్కంతా దారిలో ఉంది. రోడ్డు జారవాల అడవి గుండా పోతుంది. వారు కొన్ని వందల మందే. 2002లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని మూసివేయమన్నా బండ్లు పోలీసుల వెంట వరుసగా వెళుతూనే ఉన్నాయి. ఆపకూడదు, ఫొటో తీయకూడదు, తినుబండారాలు విసరకూడదు.

మన విశ్వాసులు కొందరు, "వారికి సువార్త వద్దా?" అని అడుగుతారు. 2018లో ఒక అమెరికా యువకుడు ఆ ఉద్దేశంతోనే నిషిద్ధమైన ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్ళి ప్రాణం కోల్పోయాడు. అతని ఆసక్తిని నేను ఎగతాళి చేయను, కానీ అనుసరించమని కూడా చెప్పను. బయటివారి రోగాలకు ఆ దేహాలు తట్టుకోలేవు. 1877లో తట్టు సోకి గ్రేట్ అండమానీయులు కుప్పలుగా చనిపోయారు; వేలల్లో ఉన్న ఆ జాతి 1961 నాటికి ఇరవై మందికి లోపే. మన దగ్గు వారికి మరణమైతే, దూరంగా ఉండడమే ప్రేమ అని నా అభిప్రాయం.

బారటాంగ్‌కు 2017లో సముద్ర మార్గం కూడా మొదలైంది. పడవ నడిచే రోజులు రేవులో ముందుగా విచారించుకొని, ఆ రోడ్డు ఎక్కకుండానే గుహలు చూసి రండి. నీళ్ళలో దిగేముందు మొసలి బోర్డులు చదవండి. అవి ఊరకే పెట్టినవి కావు.