నాకొక్కడికే వచ్చే భూకంపం

తెల్లవారుజామున కుడివైపు ఒత్తిగిలానో లేదో గది గిర్రున తిరిగిపోయింది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేవాళ్లకు అలాంటప్పుడు తట్టేది ఒక్కటే: భూకంపం. 2004 డిసెంబర్ 26 నేర్పిన భయమది. మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాను. అర నిమిషంలో అంతా ఆగింది. బల్ల మీది గ్లాసులో నీళ్లు కదల్లేదు. మా ఆవిడ నిద్ర చెదరలేదు. భూకంపం నాకొక్కడికే వచ్చింది.

ఒకరు బీపీ అన్నారు, మరొకరు మెడ ఎముకలన్నారు. రెండు నెలలు మాత్రలు మింగాను. చివరికి చెవి డాక్టర్ ఒకరు నా తలను పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లలోకి చూశారు. కనుగుడ్ల కదలికే జబ్బు పేరు చెప్పేసింది: బీపీపీవీ.

లోపలి చెవిలోని ఓ చిన్న తిత్తిలో, జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులుంటాయి. మా దీవుల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలదీ అదే పదార్థం. ఆ రేణువులు ఊడి పక్కనున్న అర్ధవృత్తాకార నాళంలోకి జారితే, తల కదిపినప్పుడు అక్కడి ద్రవాన్ని కదిలిస్తాయి. తల ఆగినా ఇంకా తిరుగుతూనే ఉందని చెవి మెదడుకు అబద్ధం చెబుతుంది. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతిలో డాక్టర్ నా తలను వరసగా నాలుగు వైపులకు తిప్పి, రేణువుల్ని తిరిగి తిత్తిలోకి చేర్చారు. కొద్ది నిమిషాల్లో పని పూర్తయింది.

జబ్బు పోయిందనుకున్నాను. ఏడాది దాటాక తిరిగొచ్చింది. ఈసారి ఇది మెదడు జబ్బేనని నాకు నేనే తేల్చేసుకున్నాను. నడిసముద్రంలో ఏమైనా అయితే దిక్కెవరని విశాఖ ఓడ టికెట్ రద్దు చేసుకున్నాను. మేనకోడలి పెళ్లి చూడలేకపోయాను.

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. ఎప్లీ పద్ధతి జారిన రేణువుల్ని బయటికి పంపుతుందే గానీ, కొత్తవి ఊడకుండా ఆపదు. అందుకే కొన్నేళ్లలో దాదాపు సగం మందికి ఇది తిరగబెడుతుంది. వయసు, ఎముకలు గుల్లబారడం, తలకు దెబ్బ తగలడం, విటమిన్ డి తగ్గడం దానికి తోడవుతాయి. 2020లో వెలువడిన కొరియా అధ్యయనంలో, లోపమున్నవారికి విటమిన్ డి, కాల్షియం ఇచ్చిన బృందంలో తిరగబెట్టడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. నాకూ పరీక్ష చేస్తే డి తక్కువే. చుట్టూ ఎండే, కానీ పగలంతా నేను ఆఫీసు గోడల మధ్యే.

మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, కాలో చెయ్యో పట్టు తప్పినా అది వేరే జబ్బు కావచ్చు. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అవేవీ లేకుండా, పక్కకు తిరిగినప్పుడే వచ్చి నిమిషంలోపే పోతే, అది నా పాత చుట్టమే. మూడోసారి వచ్చినప్పుడు గ్లాసుకేసి చూశాను. నీళ్లు కదల్లేదు. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్లి తల తిప్పించుకుని, అటునుంచటే ఆఫీసుకెళ్లాను.