బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

గత రమజాన్ పన్నెండవ రోజు. ఇఫ్తార్‌కు బంధువులు వచ్చి వెళ్ళారు. తరావీహ్ నమాజు ముగించుకొని మేము ఇంటికి చేరేసరికి వంటగదిలో ఇంకా దీపం వెలుగుతూనే ఉంది. డిష్‌వాషర్ తలుపు తెరచి ఉంది. దాని అడుగున మురికినీరు నిలిచి ఉంది. అందులోని అంట్లన్నీ బయటకు తీసి, మా శ్రీమతి సింకు దగ్గర నిలబడి ఒక్కొక్కటిగా తోముతున్నారు. "మళ్ళీ ఆగిపోయింది" అన్నారు, వెనుదిరిగి చూడకుండానే. ఆ 'మళ్ళీ' అన్న మాటలో రెండేళ్ళ విసుగు ఉంది.

ఆ యంత్రం మా ఇంటికి వచ్చి అప్పటికి ఏడేళ్ళయింది. శ్రీమతికి చేతివేళ్ళ కీళ్ళు వాచి, పిడికిలి బిగించడమే కష్టమైన రోజుల్లో, సౌదీలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి 36 వేల రూపాయలు పంపి కొనిపించాడు. మదర్సా ఉపాధ్యాయుని ఇంట ఇటువంటి వస్తువెందుకని మేమే మొదట సంకోచించాము. కానీ ఆమె చేతులకు కలిగిన ఉపశమనం చూశాక ఆ సంకోచం తొలగిపోయింది.

మొదటి అయిదేళ్ళు అది నోరెత్తకుండా పనిచేసింది. ఆ తరువాత ఒకసారి నీరు రాలేదు, మరొకసారి తలుపు దగ్గర కారింది, ఇంకొకసారి పైపు మార్చవలసి వచ్చింది. మూడు మరమ్మతులకు 7,300 రూపాయలు ఖర్చయ్యాయి. ఈసారి సర్వీసు సెంటరు నుంచి వచ్చిన వ్యక్తి పది నిమిషాలు చూసి, లోపలి బోర్డు పోయిందనీ, 11,500 అవుతుందనీ చెప్పి, "దీనికి పెట్టేకంటే కొత్తది కొనుక్కోవడం మేలు" అని సలహా కూడా ఇచ్చి వెళ్ళాడు.

ఇంట్లో మూడు అభిప్రాయాలు బయలుదేరాయి. అబ్బాయి ఫోనులో, "అబ్బా, దాన్ని వదిలేయండి, కొత్తదానికి డబ్బు పంపుతాను" అన్నాడు. శ్రీమతి, "ఏదీ వద్దు, మూలన పెట్టండి, చేత్తోనే కడుక్కుంటాను" అన్నారు. బాగు చేయించాలన్నది మా పక్షం. పనికివచ్చే వస్తువును పారవేయడం దుబారా అనీ, దుబారాను దివ్య ఖుర్ఆన్ తీవ్రంగా గర్హించిందనీ ఒక చిన్న ప్రసంగమే చేశాము. ప్రసంగాలు చేయడం మా వృత్తి కదా!

ఆ రాత్రి ఆమె వేళ్ళకు వేడినీటి కాపడం పెట్టుకుంటూ ఉండగా, ఓదార్పుగా ఉంటుందని హజ్రత్ ఫాతిమా (రజి) గారి వృత్తాంతం గుర్తుచేశాము. తిరుగలి తిప్పి తిప్పి చేతులు నొచ్చి, ఒక పనిమనిషి కోసం ఆమె తమ తండ్రిగారి ఇంటికి వెళ్ళడం, దైవప్రవక్త (స) ఆ రాత్రి స్వయంగా వారింటికి వచ్చి, నిద్రించే ముందు పఠించవలసిన తస్బీహ్ నేర్పి, పనిమనిషి కంటే అది మేలని చెప్పడం మన పాఠకులందరికీ తెలిసినదే. పాతికేళ్ళుగా మేము తరగతిలో బోధిస్తున్న హదీసు అది.

శ్రీమతి శాంతంగా విన్నారు. తరువాత ఇలా అన్నారు: "ఆ తస్బీహ్ మన పెళ్ళయిన నాటి నుంచీ పఠిస్తూనే ఉన్నాను మౌలానా సాబ్. కానీ ఆ మాట చెప్పిన మహనీయులు ఇంట్లో తమ చెప్పులు తామే కుట్టుకునేవారు కదా! ఆ హదీసు కూడా మీరు పిల్లలకు చెబుతారు."

మా వద్ద సమాధానం లేదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో నిమగ్నులై ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. సహనం గురించిన హదీసును ఇల్లాలికి, సేవ గురించిన హదీసును తరగతిగదికి పంచిపెట్టిన ఆ పంపకం మేము చేసుకున్నదే. ధర్మం చేసింది కాదు.

మరునాటి నుంచి రాత్రి అంట్లు మా వంతు అయ్యాయి. మొదటి రోజు ఒక గాజు గ్లాసు పగిలింది. రెండవ రోజు హలీం గిన్నె అడుగు వదలక గంట పట్టింది. నాలుగవ రోజు కుతూహలం కొద్దీ సింకు పైపు కింద బకెట్ పెట్టి చూశాము. కొళాయి వదిలిపెట్టి కడిగితే మూడు బకెట్లు నిండాయి. సక్రమంగా ఉన్న డిష్‌వాషర్ అన్నే గిన్నెలకు వాడేది సుమారు 10 లీటర్లు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్, అంటే లీటరు కంటే తక్కువ నీటితో వుజూ చేసేవారని మేము బోధిస్తాము. చేత్తో కడగడమే నిరాడంబరత అని అనుకున్న మా లెక్క ఆ బకెట్ల దగ్గర తప్పింది.

ఇంతలో కొత్తవాటి ధర తెలుసుకుందామని ఒక దుకాణానికి వెళ్ళాము. 42 వేలు అన్నారు. పాతది ఇస్తే 2,500 తగ్గిస్తారట, అయితే అది నడుస్తూ ఉండాలి. "ఒక్క నిమిషం ఆన్ అయితే చాలండీ, మా వాళ్ళు అంతకుమించి చూడరు" అన్నాడు అక్కడి కుర్రవాడు, మాకు మేలు చేస్తున్నాననే ఉద్దేశంతోనే. అమ్మే వస్తువులోని లోపాన్ని దాచడం నిషిద్ధమని క్రయవిక్రయాల అధ్యాయంలో ఏటా చెబుతాము. పైన పొడి ధాన్యం, లోపల తడిసిన ధాన్యం పెట్టిన వర్తకుని దైవప్రవక్త (స) మందలించిన ఘటనను వివరిస్తాము. ఆ 2,500 మాకు అవసరమే. అయినా అక్కడి నుంచి లేచి వచ్చేశాము.

చివరకు మా వీధిలోనే ఐటీఐ చదివిన ఒక యువకుణ్ణి పిలిచాము. అతడు బోర్డు జోలికి పోలేదు. ముందుగా అడుగున ఉన్న ఫిల్టరు తీశాడు. నీరంతా తోడి, గుడ్డతో తుడిచి, నీటిని బయటకు నెట్టే పంపు మూత విప్పాడు. లోపల వేలు పెట్టి ఏదో తీసి మా అరచేతిలో ఉంచాడు. అది ఖర్జూరపు గింజ! పంపులోని చిన్న రెక్కను అది విరగ్గొట్టింది. నీరు బయటకు పోక, యంత్రం తనంతట తానే ఆగిపోతూ వచ్చింది. ఇఫ్తార్ పళ్ళెంలోని గింజలను దులపకుండా అలాగే లోపల పెట్టింది ఎవరో విచారించవలసిన అవసరం రాలేదు. మేమే.

తరువాత అతడు, "మౌలానా గారూ, ఉప్పు ఎప్పుడు పోశారు?" అని అడిగాడు. బోరు నీటిలోని సున్నపు గుణాన్ని తగ్గించేందుకు ఈ యంత్రాల్లో ఒక ఏర్పాటు ఉంటుంది. దానికి అప్పుడప్పుడు దొడ్డు ఉప్పు పోయాలి. అది వీటికోసమే విడిగా అమ్మే శుద్ధమైన ఉప్పు. వంటింటి సన్న ఉప్పు పనికిరాదు. మా పెట్టె ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. నీరు చిమ్మే గొట్టాల రంధ్రాలు తెల్లని గారతో మూసుకుపోయాయి. తెస్తామని చెప్పి మరచినదీ మేమే. చేతిలోని వస్తువు అమానత్ అని బోధించే నోటితో ఆ కుర్రవానికి ఏమి చెప్పగలం?

అతడు దాచకుండా చెప్పాడు: "పంపు మారిస్తే 2,400. గార తీసేస్తాను. కానీ పాత యంత్రం, రెండేళ్ళు నడవొచ్చు, ఆరు నెలల్లో ఆగిపోవచ్చు. హామీ ఇవ్వలేను."

ఇప్పుడు నిర్ణయం తీసుకోవాలి. మేము ముగ్గురం కూర్చొని, అబ్బాయిని ఫోనులో కలుపుకొని సంప్రదించుకున్నాము. ఈసారి ప్రసంగం చేయలేదు, లెక్క వేశాము. కొత్తది 42 వేలు, మరమ్మతు 2,400. లోపం ఏమిటో తెలిసింది, దాని కారణం మా అశ్రద్ధ అనీ తెలిసింది. కారణం మిగిలి ఉండగా కొత్తది కొన్నా అదే గతి పడుతుంది. కాబట్టి బాగు చేయించాలనే నిశ్చయించాము. దానికొక హద్దు కూడా పెట్టుకున్నాము. ఇక ముందు ఒక్క మరమ్మతుకు 5 వేలు మించితే దానిని సాగనంపాలి. అందుకోసం నెలకు వెయ్యి చొప్పున పక్కన పెట్టాలి. "డబ్బు ఉన్నా మీరిద్దరూ చేతులు నొప్పి చేసుకోవద్దు" అన్నది అబ్బాయి పెట్టిన షరతు. దానికీ ఒప్పుకున్నాము.

సోదర సోదరీమణులారా! మరమ్మతే ఎల్లప్పుడూ పొదుపు కాదు. కారణం తెలుసుకోకుండా మూడుసార్లు మేము పెట్టిన 7,300 అందుకు సాక్ష్యం. కొత్తది కొనడమూ ఎల్లప్పుడూ దుబారా కాదు. ఒకరి శరీరశ్రమను తగ్గించే వస్తువుకు పెట్టిన ఖర్చు వ్యర్థం కానేరదు. మొదట చెప్పినవారి మాటతో ఆగక రెండవవారికి చూపించండి. పాడైనది ఏమిటి, ఎందుకు పాడైంది అని అడగండి. మరమ్మతుల సమాచారం వినియోగదారులకు అందాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా ప్రారంభించింది. నిజంగానే పనికిరాకుండా పోతే, లోపం చెప్పి అమ్మండి. లేదా ఎలక్ట్రానిక్ వ్యర్థాలను అధికారికంగా తీసుకునే వారికి అప్పగించండి. చెత్తకుప్పలో వేయకండి. అన్నిటికంటే ముందు, ఆ వస్తువు లేని రోజున దాని పని ఎవరి చేతుల మీద పడుతుందో ఆ చేతుల అభిప్రాయం అడగండి.

పది నెలలుగా యంత్రం నడుస్తోంది, అల్‌హమ్దులిల్లాహ్. మొన్న ఒకసారి ఎందుకో మూలిగింది కానీ ఆగలేదు. ఉప్పు ఇప్పుడు మేమే తెస్తున్నాము. పెద్ద గిన్నెలు అందులో పట్టవు కనుక అవి ఇంకా మా వంతే. ఇషా తరువాత వాటిని తోముతూ తస్బీహ్ పఠించుకుంటున్నాము. మన చేతుల్లోని అమానత్‌లను కాపాడుకునే శ్రద్ధను, మన ఇళ్ళలో అలసిన చేతులను గుర్తించే చూపును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.