చేవ్రాత గాని చేవ్రాత

మా నాయనగారు గద్వాలలో దుకాణముల బోర్డులు వ్రాయుదురు. నా చిన్నతనమున చీరల అంగళ్ల పేళ్లు పెక్కు ఆయన కుంచెనుండియే వెలువడినవి. ఫ్లెక్సీలు వచ్చిన పిదప ఆ పని సన్నగిల్లినది. దానినిగూర్చి ఆయన మాటాడరు. కుంచెలను మాత్రము నేటికిని కిరసనాయిలుతో కడిగి దాచుచుందురు.

గత సంవత్సరము మా అక్క వివాహమునకు శుభలేఖ కూర్చు పని నాకు అప్పగించిరి. కంప్యూటరులో చేవ్రాతను బోలు ఫాంటు నొకదానిని ఎన్నుకొంటిని. ఇట్టివి మనకు క్రొత్తవి కావు. చిత్రకారుడు బాపు (1933–2014) వ్రాత తెలుగువారికి ఎంత ప్రియమైనదనగా, అది ఫాంటుగా మారి పుస్తకముల అట్టలమీదను, పెండ్లి పత్రికలమీదను నేటికిని కనబడుచున్నది. ఆంగ్లమున 1994లో విన్సెంట్ కొనేర్ మైక్రోసాఫ్టువారి కొరకు చేసిన కామిక్ సాన్స్ అట్టిదే. బొమ్మల కథలలోని మాటల వ్రాతను చూచి దానిని రూపొందించెను. ఇట్టి అక్షరములు ఇంటివారు గుమ్మమున నిలిచి పిలిచినట్లుండును. కావుననే ఆహ్వానములకును, మిఠాయి పెట్టెలకును, బాలల పుస్తకములకును తగియుండును.

నేను చేసిన తప్పేమనగా, ముహూర్తపు వేళనుగూడ ఆ అక్షరములతోనే, అదియు మిక్కిలి చిన్నవిగా, అచ్చు వేయించితిని. ఏడంకె తల వంగి తొమ్మిదివలె నుండెను. నాగర్‌కర్నూలునుండి మా పెదనాయనగారు ఎనిమిదిన్నరకు బస్సు దిగిరి. అప్పటికి తాళి కట్టుట ముగిసినది. ఆయన ఏమియు ననలేదు. కండ్లజోడు తుడిచి పెట్టుకొని, శుభలేఖను మరల చూచుకొనిరి.

ఆ రాత్రి నాయనగారు ఆ పత్రికను దీపముక్రింద పట్టి, "ఇందులో 'ల'లు ఎన్ని యున్నవో చూచితివా? అన్నియు నొక్కటే. చేతితో వ్రాయువాడు ఒకే 'ల'ను రెండుమార్లు వ్రాయలేడురా!" అనిరి. నిజమే. ఫాంటులో ఒక్కొక్క రూపమును ఒకమారు గీసి యుంచెదరు. మీట నొక్కినప్పుడెల్ల అదియే వచ్చును. కొన్ని ఫాంటులలో అక్షరమునకు రెండు మూడు రూపములు చేసి, మార్చి మార్చి వాడుదురు. ఇరువదియారు అక్షరముల ఆంగ్లమునకు అది కొంత సులభము. గుణింతములును వత్తులును గల మన లిపికి ముందే వందలకొలది రూపములు కావలెను. వాని నన్నిటిని మరల మరల గీయు ఓపిక ఎవరికి?

ఈ యేడు పాఠశాల వార్షికోత్సవపు ఆహ్వానము కూర్చుట నా వంతు వచ్చినది. వేళయు స్థలమును 'సురవరం' అను నిలుకడగల ఫాంటులో కొంచెము పెద్దవిగా కూర్చి నాయనగారికి చూపితిని. "ఇది ఎవరి వ్రాత?" అనిరి. చేవ్రాత కాదనియు, 1926లో వెలువడిన గోలకొండ పత్రికకు సంపాదకులై, 1952లో మన వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు దానికి పెట్టిరనియు చెప్పితిని. ఆయన అంకెలను ఒక్కొక్కటిగా చదివి, "ఏడు ఏడువలె నున్నది" అనిరి. పిదప పైన ఖాళీగా విడిచిన చోటును వ్రేలితో చూపి, "మరి ఇచ్చట?" అని యడిగిరి.

"అది మీరు వ్రాయవలెను" అంటిని.

కుంచెలు తెచ్చుటకు ఆయనే లేచిరి.